పోగు మింగిన పిల్లి

రాజోలిలో మగ్గమున్న ఇంట్లో తిరిగే పిల్లికి ఆటవస్తువుల కొదవ లేదు. గద్వాల చీర ఒళ్లు నూలుది, అంచు పట్టుది. తెగిన పోగులు కండెల పక్కనే పడి ఉంటాయి. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపుకు వాలి ఉంటాయి కాబట్టి నోట్లోకి పోయిన పోగును అది ఉమ్మలేదు, మింగాల్సిందే. ఒక్కోసారి ఒక కొస నాలుక మొదట్లో చిక్కుకుంటుంది, మిగతాది పేగుల్లోకి జారుతుంది. ఇక పేగు, బొందు లాగిన లంగాలా కుచ్చులు పడుతుంది. పిల్లి వాంతులు చేసుకుంటుంది, తిండి ముట్టదు.

పశువైద్యంలో నాకు ఓపిక నేర్పిన పరీక్ష బేరియం. ముందు మామూలు ఎక్స్‌రే తీస్తాం. సూదైతే అక్కడే దొరికిపోతుంది. పోగు దొరకదు. అప్పుడు నీళ్లలో కలిపిన బేరియం సల్ఫేట్‌ను సిరంజితో దవడ పక్క నుంచి కొంచెం కొంచెంగా పడతాం, కిలో బరువుకు పది మిల్లీలీటర్ల పైనే. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఒక ఫిల్మ్, ఆపైన 15 నిమిషాలకు, అరగంటకు, గంటకు. ఆరోగ్యమైన పిల్లిలో గంట అటూఇటూగా మందు పెద్దపేగు చేరుతుంది, కుక్కలో అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. ఒక్క ఫిల్మ్ చూసి తీర్పు చెప్పకూడదు. తెల్లటి దారి ఎక్కడ ఆగింది, ఎక్కడ ముడతలు పడింది అన్నది వరుసగా చూస్తేనే తెలుస్తుంది.

ఈ విద్యకు మూలం జంతువులే. 1896లో హార్వర్డ్ వైద్య విద్యార్థి వాల్టర్ కానన్ ఇలాంటి పరిశీలనలు మొదలుపెట్టాడు. బిస్మత్ కలిపిన తిండి పెద్దబాతుకు, పిల్లులకు పెట్టి లోపలి కదలికలు చూశాడు. మనుషులకు బేరియం తాగించడం ఆ తర్వాతి మాట. ఆ బేరియం సల్ఫేటే ముడిరాయి రూపంలో మన ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో గుట్టలుగా ఉంది. అందులో ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోతుంది.

పేగుకు చిల్లు పడిందన్న అనుమానముంటే మాత్రం బేరియం వద్దు. అది చిల్లులోంచి పేగు బయటికి కారితే పెద్ద ప్రమాదం. అయోడిన్ మందు వాడాలి. మంచి చెయ్యి పడితే అల్ట్రాసౌండ్ ఇంకా త్వరగా చెబుతుంది. ఎక్స్‌రే ఒక్కటే ఉన్నచోట బేరియానికి ఇప్పటికీ విలువుంది.

నేత ఇళ్లవాళ్లకు ఒక్క మనవి. పిల్లి నోట్లోంచో వెనకనుంచో పోగు వేలాడితే లాగకండి, పేగు కోసుకుపోతుంది. ఆముదం పట్టకండి. తిండి ఆపి, అదేరోజు ఎక్స్‌రే ఉన్న పశువైద్యశాలకు తీసుకుపోండి.