మురుగు కదిలించు చేతులు

స్వయంభూ విఘ్నేశ్వరుఁడు వెలసిన చోడవరమున, వానకాలపు వేకువను పారయు వెదురుబద్దయుఁ గొని కాలువగట్టున నిలుచు పారిశుద్ధ్య కార్మికుని పనిని మొరటుపని యనువారు గడియసేపు ఆగి చూడవలెను. అతఁడు వెంటనే పార వేయఁడు. నీరెచ్చట నిలిచినదో, బుడగలెచ్చట లేచుచున్నవో పరికించి, దిగువనుండి ఎగువకుఁ బూడిక తీయుచు వచ్చును. ఎగువ ముందు కదిపినచో బురద దిగువ తూమును బిగించునఁట!

మూసిన గుంటలలో ఈ నేర్పు చాలదు: అచ్చటి హైడ్రోజన్ సల్ఫైడు ముందు ముక్కును మొద్దుబార్చి, పిదపఁ బ్రాణము తీయును; రక్షణసాధనములు లేక మనిషిని అందు దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. ఆ చట్టమే నిషేధించిన పాకీపని నిర్మూలనకై పోరాడిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారము లభించినది.

ఇచ్చట, చోడవరపు కాలువలో, కొబ్బరిపీచును పాలిథిన్ సంచులును పెనవేసికొన్న ముడిని బద్దతో లాగఁగానే, నల్లనీరు గుప్పునఁ గదలును; ఆ చప్పుడు విని కార్మికుఁడు చిఱునవ్వు నవ్వి, పార కడిగికొనును.