అక్షరం దిద్దడం: చుక్కల పుస్తకాలపై ఒక విమర్శ

తెలుగులో 'దిద్దు' అనే క్రియకు రెండు అర్థాలున్నాయి. రాసి ఉన్న అక్షరం మీద మళ్ళీ రాయడం ఒకటి, తప్పును సరిచేయడం మరొకటి. గురజాడ కథ 'దిద్దుబాటు' (1910) పేరులో ఉన్నది రెండో అర్థం. ఓనమాలు దిద్దించడం అన్నప్పుడు మొదటిది. పాత వీధిబడిలో మాత్రం ఈ రెండూ ఒకే పని. పంతులు ఇసుకలో గీసిన అక్షరం మీద పిల్లవాడు వేలు తిప్పుతూ దాన్ని పైకి పలికేవాడు. వేలు దారి తప్పితే పంతులు చేయి పట్టి తిప్పేవాడు. (బెత్తం కూడా ఉండేది. దాన్ని మెచ్చుకోనక్కరలేదు.) ఆ ఇసుక స్థానంలోకి ఇవాళ వచ్చిన చుక్కల అక్షరాల పుస్తకాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో పుస్తకాల అంగడికి వెళితే ఇవి దొరుకుతాయి. జమ్మలమడుగులో మా బంధువుల ఇంట ఐదేళ్ళ పాప అలాంటి పుస్తకం తెచ్చి చూపించింది. పేజీ పేజీ నిండి ఉంది, ఒక్క చుక్క తప్పిపోలేదు. జేజి మురిసిపోతోంది. ఆ ఇంటి నేల నల్లని కడప బండలది, పలకకన్నా నున్నగా ఉంది. సుద్దముక్క ఇచ్చి, "ఇదే అక్షరం బండ మీద రాయమ్మా" అన్నాను. పాప సుద్దముక్క పట్టుకొని కాసేపు నా వైపు చూసి, "చుక్కలు పెట్టు తాతా" అంది.

పాపకు తెలివి తక్కువ కాదు. పుస్తకం ఆమెకు నేర్పింది చుక్కలు కలపడమే. అక్షరాన్ని బొమ్మగా చూస్తే అంచు వెంట గీత గీస్తే చాలు. కాని అక్షరం చేయి నడిచే దారి. ప్రొద్దుటూరుకు దగ్గర్లోని ఎర్రగుంట్ల మండలం కలమళ్ళలో క్రీ.శ. 575 ప్రాంతానికి చెందిన రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది. ఆ లిపిని నేటి పిల్లలు చదవలేరు. శతాబ్దాలుగా తాటాకు మీద గంటంతో రాసిన చేతులే మన అక్షరాలను ఇలా గుండ్రంగా తిప్పాయని చెబుతారు. అలాంటి లిపిలో ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిరగాలి, తలకట్టు ఎప్పుడు పెట్టాలి అన్నవే అసలు విషయాలు. నేను చూసిన పుస్తకాల్లో చాలావాటిలో బాణం గుర్తు కూడా లేదు. పాప కొన్ని అక్షరాలను చివరి నుంచి మొదటికి దిద్దింది. నిండిన పేజీలో ఆ సంగతి కనబడదు.

ఇంకో లోపం తెలుగుకే ప్రత్యేకం. 'ర' లోపల చుక్క పెడితే 'ఠ' అవుతుంది. 'థ'కూ 'ద'కూ ఉన్న తేడాలలో లోపలి చుక్క ఒకటి. చుక్కలతోనే అచ్చువేసిన పేజీలో ఏది దారి చూపే చుక్క, ఏది అక్షరంలో భాగమైన చుక్క? పెద్దవాళ్ళకు తెలుసు కాబట్టి ప్రశ్న తట్టదు. వేరే లిపి కోసం పుట్టిన పద్ధతిని ఆలోచించకుండా అరువు తెచ్చుకుంటే జరిగేది ఇదే.

చుక్కలు మనకు కొత్త కాదు గదా, ముగ్గు ఉంది కదా అని మీరు అడగవచ్చు. ముగ్గులో చుక్కలు దూరదూరంగా ఉంటాయి. వాటి మధ్య దారి వేసే మనిషి మనసులో ఉంటుంది. అక్షరాల పుస్తకంలో చుక్కే దారి; మనసులో ఉంచుకోవలసిందేమీ లేదు.

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ 2012లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ ఉపయోగపడుతుంది. ఇంకా చదవడం రాని పిల్లల చేత కొన్ని అక్షరాలను చూసి సొంతంగా రాయించారు, కొన్నిటిని దిద్దించారు, కొన్నిటిని కీబోర్డు మీద నొక్కించారు. తర్వాత ఆ అక్షరాలు చూపితే, చదవడంలో పాల్గొనే మెదడు భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకే ఎక్కువగా స్పందించాయి. వంకరటింకరగా రాయడంలోనే పిల్లలు అక్షరం రూపాన్ని పట్టుకుంటున్నారని దీన్నిబట్టి అనుకోవచ్చు. అయితే పరిశీలించింది కొద్దిమంది పిల్లలను, అదీ రోమన్ లిపిలో. కాబట్టి దీన్ని తెలుగుకు యథాతథంగా అన్వయించరాదు.

అలాగని దిద్దడమే పనికిరాదనడం పొరపాటు. రోమ్‌లో 1907లో బడి తెరిచి, 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి కూడా గరుకు కాగితపు అక్షరాల మీద పిల్లల వేళ్ళు నడిపించింది. అక్కడ వేలికి స్పర్శ ఉంది, నోటికి ధ్వని ఉంది. మన ఇసుకలోనూ ఉన్నవి అవే.

ఈ విమర్శకు నన్ను నేను నిలబెట్టుకోవలసి వచ్చింది పులివెందులలో. చదువురాని ఒక తల్లి, "మేము రాసి చూపించలేము సారూ, ఈ పుస్తకమే మాకు పంతులు" అంది. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఆమె ఇంట్లో అక్షరం గీసి చూపే మరో చేయి లేదు. నిండిన పేజీని బట్టే బిడ్డ చదువు సాగుతోందని నమ్మడం తప్ప ఆమెకు వేరే కొలత కూడా లేదు. అందుకే పుస్తకం బాగుండవలసింది అందరికన్నా ఎక్కువగా ఆమె కోసం. ఒక పెద్ద అక్షరం, మొదలుపెట్టే చోట రంగు గుర్తు, బాణం. రెండు సార్లు దిద్దాక చుక్కలు లేని ఖాళీ గళ్ళు. అంతకన్నా ఎక్కువ ఖర్చేమీ కాదు.

అభ్యాసం: మీ ఊరి అంగడిలో దొరికే ఒక చుక్కల పుస్తకం తీసుకొని ర-ఠ, ద-థ, ప-వ, మ-య పేజీలు చూడండి. ఐదేళ్ళ బిడ్డ చేత ఒక పేజీ దిద్దించి, పుస్తకం మూసి, అదే అక్షరాన్ని నేల మీద రాయమనండి. బిడ్డ ఎక్కడ మొదలుపెట్టిందో, ఎక్కడ ఆగిందో రాసుకొని సంపర్క తరగతికి తీసుకురండి.