రీపర్: అడ్డురాని పనితనం

ఇంట్లో పాట రికార్డు చేసుకోవాలనుకునేవాళ్లు సాధారణంగా మైకుతో మొదలుపెడతారు. ఏ మైకు మంచిది, ఎంతలో దొరుకుతుంది అన్న చర్చ ఒక పట్టాన తెగదు. సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం ఎవరో కాపీ చేసి ఇచ్చినదానితో తేలిపోతుంది. ఈ వరుస తిరగబడాలని నా అభిప్రాయం. మైకు పాడుతున్నంతసేపే మన ముందుంటుంది. ఆ తర్వాత వినడం, కోయడం, అతకడం, మళ్లీ వినడం అన్నీ సాఫ్ట్‌వేర్‌తోనే. అందుకే తక్కువ ఖర్చులో ఇంటి రికార్డింగ్ గురించి ఎవరు అడిగినా నేను ముందు రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పేరు చెబుతాను. ధర తక్కువ కావడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం దాని పనితనం.

రీపర్‌ను రాసింది జస్టిన్ ఫ్రాంకెల్. 1997లో విన్యాంప్‌ను తెచ్చింది కూడా ఆయనే. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో హాస్టల్ గదుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో ఎంపీ3 సినిమా పాటలు విన్న తరానికి ఆ చిన్న ప్లేయర్ బాగా గుర్తే. విన్యాంప్ తయారుచేసిన నల్‌సాఫ్ట్ సంస్థను 1999లో ఏఓఎల్ కొనుక్కుంది. ఫ్రాంకెల్ 2004లో అక్కడి నుంచి బయటికొచ్చి కాకోస్ అనే చిన్న సంస్థ పెట్టుకున్నారు. 2005 చివర్లో రీపర్ తొలిసారి జనంలోకి వచ్చింది. 2006లో 1.0 విడుదలైంది. అప్పటి నుంచి కొద్దిమంది చేతుల్లోనే పెరుగుతూ వస్తోంది.

విండోస్‌కు దించుకోవాల్సిన ఫైలు ఇరవై మెగాబైట్ల దరిదాపుల్లో ఉంటుంది. మాక్, లినక్స్ మీద కూడా నడుస్తుంది. కావాలంటే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, మన సెట్టింగులన్నిటితో సహా ఇంకొకరి కంప్యూటర్లో తెరవచ్చు. 60 రోజులు ఏ భాగానికీ తాళం వేయకుండా మొత్తం వాడి చూడనిస్తారు. నచ్చితే సొంతానికి వాడుకునేవాళ్లకు, ఏడాదికి 20,000 డాలర్ల లోపు రాబడి ఉన్న చిన్న వ్యాపారాలకు లైసెన్సు 60 డాలర్లు. పెద్ద వ్యాపారాలకు 225 డాలర్లు. ఇద్దరికీ ఇచ్చే ప్రోగ్రాం మాత్రం ఒక్కటే. తక్కువ ఇచ్చినవాడికి తక్కువ ట్రాకులు, సగం ఎఫెక్టులు అన్న కోత ఇందులో లేదు. ఇంట్లో కూర్చుని పాడుకునే మనిషికి ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

పనితనం ఎక్కడుందో చూడాలంటే ఒక చిన్న కోత దగ్గర ఆగాలి. పాట మధ్యలో దగ్గు వచ్చింది. ఆ ముక్క కోసి పారేశాం. ధ్వని తరంగాన్ని ఎక్కడబడితే అక్కడ తెంపితే ఆ అంచు దగ్గర టిక్కుమని చప్పుడు వస్తుంది. రీపర్ మనం అడగకముందే ప్రతి ముక్క అంచునా కొన్ని మిల్లీసెకండ్ల పాటు శబ్దాన్ని మెల్లగా పెంచుతుంది, మెల్లగా తగ్గిస్తుంది. రెండు ముక్కల్ని ఒకదాని మీదికి ఒకటి జరిపితే అవి కలిసేచోట ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరుగుతుంది. అతుకు చెవికి తెలియదు. కోసినంత మాత్రాన అసలు రికార్డింగ్‌కు ఏమీ కాదు. డిస్కులో ఉన్న ఫైలు ఉన్నట్టే ఉంటుంది. అంచు పట్టుకుని లాగితే కోసేసిన దగ్గు కూడా వెనక్కి వస్తుంది. కొత్తవాళ్లకు కోయడమంటే ఉండే భయాన్ని ఇది పూర్తిగా తీసేస్తుంది.

రెండో విశేషం ట్రాకులది. చాలా సాఫ్ట్‌వేర్లలో ట్రాకు తెరిచేటప్పుడే అది గొంతు కోసమా, కీబోర్డు కోసమా, నాలుగు ట్రాకుల్ని కలిపి పంపడానికా అని ముందే చెప్పాలి. రీపర్‌లో ట్రాకుకు జాతి లేదు. ఒకే ట్రాకు గొంతునూ మోస్తుంది, కీబోర్డు పంపే మిడి సంకేతాలనూ మోస్తుంది, తన కింద ఇంకో పది ట్రాకుల్ని పెట్టుకుని ఫోల్డరుగానూ మారుతుంది. ఒక కీర్తన రికార్డు చేస్తున్నామనుకుందాం. శ్రుతి ఒకటి, గాత్రం ఒకటి, వయొలిన్ ఒకటి, మృదంగం ఎడమ కుడి రెండు. మృదంగం ట్రాకులు రెండింటినీ ఒక ఫోల్డరులో పెడితే ఆ ఫోల్డరు మీటతోనే వాటి హెచ్చుతగ్గులు సరిచేయవచ్చు. గది ప్రతిధ్వనిలా వినిపించే రివెర్బ్ కోసం ఇంకో మామూలు ట్రాకు తెరిచి, గాత్రం నుంచీ వయొలిన్ నుంచీ కావలసినంత దానికి పంపితే చాలు. నేర్చుకోవాల్సింది ఒక్క ట్రాకు గురించే. మిగతావన్నీ దాని వాడకాలు.

తాళం దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ మన సంగీతానికి అనుకోకుండా బాగా అమరింది. మెట్రోనోమ్ అంటే చాలాచోట్ల మొదట కనిపించేది నాలుగు దెబ్బల లెక్కే. రీపర్‌లో ఏడు దెబ్బల ఆవర్తం పెట్టుకోవచ్చు, ఏ దెబ్బ బరువుగా పడాలో, ఏది తేలిగ్గా పడాలో కూడా మనమే చెప్పవచ్చు. తకిట తక తక అని ఒకటో దెబ్బ, నాలుగో దెబ్బ, ఆరో దెబ్బ బరువుగా పెడితే మిశ్రచాపు నడక వచ్చేస్తుంది. ఇక ఆలాపనకూ పద్యానికీ తాళంతో పనిలేదు. అలాంటి భాగాన్ని గడియారం లెక్కకు కట్టేసి, కీర్తన భాగాన్ని తాళం లెక్కకు కట్టవచ్చు. తర్వాత కీర్తన కాలప్రమాణం మార్చి చూసినా ముందున్న ఆలాపన సాగదు, కుంచించుకుపోదు. ఈ ఏర్పాటు మొత్తం ప్రాజెక్టుకైనా, ఒక ట్రాకుకైనా, ఒక్క ముక్కకైనా విడిగా చేసుకోవచ్చు.

కరోకే మీద పాడేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. హెడ్‌ఫోన్లో పాట విని మనం పాడితే, ఆ గొంతు కంప్యూటర్లోకి చేరేసరికి కొద్దిగా ఆలస్యమవుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన 128 శాంపిళ్ల బఫరు పెడితే ఒక్కో దిశలో సుమారు 2.7 మిల్లీసెకండ్లు పోతాయి. పరికరం డ్రైవరు చెప్పే ఆలస్యాన్ని రీపర్ లెక్కలోకి తీసుకుని, రికార్డయిన గొంతును అంతమేరకు వెనక్కి జరిపి సరైన చోట కూర్చోబెడుతుంది. ఈ పని జరిగిందని మనకు కనిపించదు, లయ మాత్రం నిలుస్తుంది. కనిపించకుండా జరిగిన ఇలాంటి పనుల్లోనే రాసినవాళ్ల శ్రద్ధ తెలుస్తుంది.

దీనితోపాటు వచ్చే ఎఫెక్టుల్లో ఆర్భాటం లేదు. రియాఈక్యూ, రియాకాంప్ లాంటివి తెరిస్తే బూడిదరంగు పలకలు, గీతలు, అంకెలు ఉంటాయి. పాతకాలపు యంత్రాల బొమ్మలు, మెరిసే దీపాలు కనిపించవు. చేసే పని మాత్రం నిక్కచ్చిగా ఉంటుంది. ఫ్యాన్ గుర్రును తగ్గించాలంటే కింది పౌనఃపున్యాల్ని ఎంత మేరకు కోయాలో గీత మీద చూసి కోయవచ్చు. వీటిలో చాలావాటిని రియాప్లగ్స్ పేరుతో, విండోస్‌లో వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు కూడా ఉచితంగా ఇచ్చేశారు.

జేఎస్ఎఫ్ఎక్స్ అనే మరో రకం ఎఫెక్టులున్నాయి. వాటి లోపలి రాత మామూలు టెక్స్ట్. ఎడిట్ మీట నొక్కితే కోడు తెరుచుకుంటుంది, ఒక అంకె మార్చి సేవ్ చేస్తే వెంటనే ధ్వని మారుతుంది. కంచరి బిందెతోపాటు మూసను కూడా కొన్నవాడి చేతిలో పెట్టినట్టు. ఆ రాతకు వాడే భాష మూలాలు విన్యాంప్ రోజుల్లోనే ఉన్నాయి. పాట మోగుతుంటే తెరమీద కదిలిన రంగుల ఆకృతులను లెక్కించడానికి ఫ్రాంకెల్ అప్పట్లో రాసుకున్న చిన్న గణిత భాషే పెరిగి ఇప్పుడు ధ్వనిని మలుస్తోంది. ఒక మంచి ఆలోచనను పారేయకుండా ఏళ్ల తరబడి సానపట్టడం ఈ సాఫ్ట్‌వేర్ స్వభావం.

ప్రాజెక్టు ఫైలు కూడా టెక్స్టే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవచ్చు. రికార్డవుతున్న ధ్వని నేరుగా డిస్కులోని ఫైల్లో చేరుతూ ఉంటుంది. ఏ ట్రాకు ప్రాసెసర్‌ను ఎంత తింటోందో విడివిడిగా చూపించే పట్టిక ఉంది. పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తే బరువైన ట్రాకును స్తంభింపజేసి పని కొనసాగించవచ్చు. కొత్త కంప్యూటర్ కొనలేనివాడికి ఇది నేరుగా మిగిలే డబ్బు.

లోటు లేదని కాదు. తబలా, వీణ, డ్రమ్స్ వంటి వాద్యాల నమూనాలు దీనితో రావు. బీట్లు పేర్చి పాట కట్టేవాళ్లు వాటిని వేరే తెచ్చుకోవాలి. మాక్ ఉన్నవాళ్లకు ఉచితంగా వచ్చే గ్యారేజ్‌బ్యాండ్‌లో డ్రమ్స్ వంటి వాద్యాలు సిద్ధంగా ఉంటాయి. ఒక్క గొంతును రికార్డు చేసి కొసలు కోసుకోవడమే పనైతే ఆడాసిటీ చాలు. రీపర్ మెనూలు మొదట బెదరగొడతాయి కూడా. అయితే జెఫ్రీ ఫ్రాన్సిస్ రాసిన వాడుకరి గ్రంథం 400 పేజీలకు పైగా ఉంది, అదీ ఉచితమే. రోజుకో అధ్యాయం చదివితే భయం పోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పి ముగిస్తాను. మన ఇళ్లలో నునుపైన గోడలు, గచ్చు నేల, కిటికీ అవతల రోడ్డు. ఇలాంటి గదిలో సున్నితమైన కండెన్సర్ మైకు గొంతుతోపాటు పక్కింటి కుక్కర్ కూతను కూడా పట్టుకొస్తుంది. 1965 నుంచి వస్తున్న షూర్ ఎస్‌ఎం57, దాని వెంటే వచ్చిన ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైకును నోటికి దగ్గరగా పెట్టుకుంటే చుట్టూ ఉన్న సద్దు తగ్గుతుంది. దాని సంకేతం బలహీనం కాబట్టి, దాన్ని శుభ్రంగా పెంచగల ఒక్క మైకు ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ కావాలి. చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ తీసుకోండి, పాట బయటికి కారి మైకులో పడదు. పాడేవాళ్ల వెనక రెండు బొంతలు వేలాడదీయండి. 24 బిట్లలో రికార్డు చేస్తూ గట్టిగా పాడినచోట కూడా మీటరు మైనస్ 12 దగ్గర ఆగేలా చూసుకోండి.

ఈ జాబితాలో దేన్ని కొనేటప్పుడైనా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: దీన్ని చేసినవాడు నా ఇబ్బందిని నాకన్నా ముందు ఊహించాడా? కోత అంచు దగ్గర, లయ జారేచోట, పాత కంప్యూటర్ ఆయాసపడేచోట రీపర్ ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. 60 రోజులు వాడి చూడండి. ఆ తర్వాత కూడా వాడుతుంటే ఆ 60 డాలర్లు కట్టండి. ఇంత నిజాయితీగా పనిచేసినవాళ్లకు చెల్లించడం కూడా మంచి పనిముట్టును ఎంచుకోవడంలో భాగమే.