తగ్గింపు ఎవరి చేతికి?

అమెరికాలో 340బీ, మన దేశంలో జన ఔషధి. రెండూ పేదవాడి మందుల ఖర్చు తగ్గించాలన్న తలంపుతో ప్రభుత్వాలు పెట్టినవే. రెండింటిలోనూ వైద్యుడు ఉన్నాడు, మందుల షాపు ఉంది. వాళ్లిద్దరికీ మధ్య ఉన్న సంబంధాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒకచోట గట్టిగా ఉన్నది రెండోచోట అసలు లేదు.

340బీ పుట్టుకకు కారణం మరో చట్టం. కంపెనీలు అందరికంటే తక్కువగా ఎవరికి అమ్మితే ఆ ధరను పేదల ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికెయిడ్‌కూ వర్తింపజేయాలని 1990లో అమెరికా షరతు పెట్టింది. దాంతో ధర్మాసుపత్రులకు అప్పటిదాకా ఇస్తున్న తగ్గింపులను కంపెనీలు ఆపేశాయి. ఆ నష్టాన్ని పూడ్చడానికి 1992లో 340బీ వచ్చింది. పేదలకు వైద్యం చేసే క్లినిక్‌లకు, ఆసుపత్రులకు కంపెనీలు తగ్గించి అమ్మాలి. చాలా బ్రాండ్ మందుల మీద ఆ తగ్గింపు సగటు ధరలో కనీసం 23.1 శాతం. ఆసుపత్రి ఎంతకు కొనాలో చట్టం చెప్పింది. ఆ మందును రోగికి ఎంతకివ్వాలో చెప్పలేదు. తర్వాతి ముప్పై ఏళ్ల తగాదాలన్నీ ఆ చెప్పకపోవడంలోంచి వచ్చినవేనని నా అభిప్రాయం.

చిన్న క్లినిక్‌లకు సొంత మందుల షాపు ఉండదు. అందుకని బయటి షాపు ఒక్కదానితో ఒప్పందం చేసుకోవచ్చని 1996లో అనుమతించారు. 2010లో ఆ పరిమితి ఎత్తేసి, ఎన్ని షాపులతోనైనా సరే అన్నారు. అప్పటికి ఇలాంటి కాంట్రాక్ట్ ఫార్మసీలు దాదాపు 1,300. 2017 నాటికి అవి 20,000కు చేరువయ్యాయని అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే జీఏఓ తేల్చింది. వాటిలో 60 శాతం వాల్‌గ్రీన్స్, సీవీఎస్ వంటి అయిదు పెద్ద గొలుసులవే.

పని ఇలా సాగుతుంది. రోగి చీటీ తెస్తాడు. షాపు తన మామూలు సరుకులోంచే మందు ఇస్తుంది, బీమా కంపెనీ నుంచి మామూలు ధరే వసూలు చేస్తుంది. తర్వాత ఒక మధ్యవర్తి సంస్థ సాఫ్ట్‌వేర్ పాత చీటీలన్నీ జల్లెడ పట్టి, ఫలానా రోగి ఫలానా ఆసుపత్రివాడని గుర్తిస్తుంది. అప్పుడు ఆసుపత్రి అదే మందును తగ్గింపు ధరకు కొని షాపు అరను తిరిగి నింపుతుంది. రెండు ధరల మధ్య తేడా ఆసుపత్రికి చేరుతుంది, అందులోంచి షాపుకూ మధ్యవర్తికీ రుసుములు పోతాయి. వైద్యుడు, షాపు, కంప్యూటరు ఇంత పకడ్బందీగా కలిసి పనిచేసే మందుల పథకం మన దగ్గర నాకు కనబడలేదు. ఇంత జరిగినా తన చీటీ మీద తగ్గింపు వచ్చిందని రోగికి తెలియకపోవచ్చు. జీఏఓ అడిగిన 55 సంస్థల్లో 30 మాత్రమే, అవి కూడా కొన్ని షాపుల్లోనో అన్ని షాపుల్లోనో, బీమా లేని పేదలకు ధర తగ్గిస్తున్నామని చెప్పాయి.

అలాగని అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. హెచ్‌ఐవీ రోగులను చూసే రయన్ వైట్ క్లినిక్‌లు ఈ మిగులును తమ సేవలకే ఖర్చుపెట్టాలని వాటి గ్రాంటు నిబంధనలే కట్టడి చేస్తాయి. ఆ డబ్బు లేకపోతే చాలా క్లినిక్‌ల తలుపులు తెరుచుకోవు. పెద్ద ఆసుపత్రులకు అలాంటి కట్టడి లేదు. మిన్నెసోటా రాష్ట్రం లెక్క చెప్పమని చట్టం చేస్తే, 2023లో అక్కడి సంస్థలకు నికరంగా కనీసం 63 కోట్ల డాలర్లు మిగిలాయని, షాపులకూ మధ్యవర్తులకూ దాదాపు 12 కోట్లు పోయాయని బయటపడింది. దేశమంతటా ఆ ఏడు 340బీ కొనుగోళ్లు 6,630 కోట్ల డాలర్లు. 2020 నుంచి కంపెనీలు బయటి షాపులకు సరఫరా బిగించాయి, కోర్టుల్లో తీర్పులు అటూ ఇటూ వస్తున్నాయి. ఆ వాదనల్లో ఆసుపత్రి గొంతు, కంపెనీ గొంతు వినిపించినంతగా రోగి గొంతు వినిపించదు.

జన ఔషధి దీనికి తలకిందులు. 2008లో అమృత్‌సర్‌లో మొదటి షాపు తెరిచారు. ఆసుపత్రుల ఆవరణల్లోనే పెట్టాలన్నది మొదటి ఆలోచన. ఇక్కడ తగ్గింపు మందు పెట్టె మీదే అచ్చయి ఉంటుంది. బ్రాండ్ మందు కంటే సగానికి పైగా తక్కువ. షాపు నడిపేవాడికి 20 శాతం మార్జిన్. ఎవరి రోగివని అడిగేవాడు లేడు, వెనక నుంచి లెక్క సరిచేసే మధ్యవర్తి లేడు. ఇంకో తేడా నాకు మరీ ముఖ్యంగా తోస్తుంది. 340బీలో మిగులు ఎక్కువగా వచ్చేది ఖరీదైన బ్రాండ్ మందుల మీద. మన హైదరాబాద్ నుంచి వెళ్లే చవక జెనరిక్‌ల మీద మిగిలేది స్వల్పం. కాబట్టి మందు ధర ఎక్కువైన కొద్దీ ఆసుపత్రికి లాభం. జన ఔషధికి ఆ ప్రలోభం లేదు. ధర విషయంలో నేను నిస్సందేహంగా మన పద్ధతి వైపే ఉంటాను.

కానీ మన షాపు ఒంటరిది. వైద్యుడు దానితో ఏ ఒప్పందంలోనూ లేడు. ఆసుపత్రి గేటు పక్కనే జన ఔషధి ఉన్నా చీటీలో ఉండేది కంపెనీ పేరే. ఆ పేరు బదులు మరో కంపెనీ మందు ఇవ్వడానికి షాపువాడికి ఔషధ నిబంధనలు ఒప్పుకోవు. తక్కువ ధర మందు పనిచేస్తుందా అన్న అనుమానం రోగికి సహజం. దాన్ని తీర్చగలిగింది వైద్యుడి ఒక్క మాట. ఆ మాట చెప్పాల్సిన బాధ్యత ఆయన మీద ఎవరూ పెట్టలేదు. మొదటి ఏళ్లలో ఈ పథకం చతికిలబడటానికి సరుకు కొరతతో పాటు ఇదీ ఒక కారణం. తర్వాత షాపులు వేలల్లో పెరిగి 2025 మొదట్లో 15,000 దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సంఘాల చేత నడిపించిన అన్న సంజీవని షాపులూ ఈ దారిలో నడిచినవే. షాపులు పెంచడం మీద పెట్టిన శ్రద్ధ చీటీ రాసే చేతి మీద పెట్టలేదు. 2015లో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలైన అమృత్ ఫార్మసీలు ఆసుపత్రి లోపలే క్యాన్సర్, గుండె జబ్బుల మందులు తగ్గించి అమ్ముతూ కొంత దగ్గరికి వచ్చాయి. అక్కడా ఏర్పాటు యాజమాన్యంతోనే, చీటీ రాసే వైద్యుడితో కాదు.

జెనరిక్ పేరే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చింది. వైద్య సంఘాలు అభ్యంతరం చెప్పాయి. నాణ్యతకు ముందు హామీ ఇవ్వండి అన్న వాళ్ల మాటలో న్యాయం ఉంది. అయితే ప్రతి బ్యాచ్ పరీక్ష ఫలితాన్ని వైద్యుల ముందు పెట్టి ఆ హామీ ఇవ్వాల్సింది పోయి, నెల తిరక్కుండానే నిబంధననే పక్కన పెట్టారు. ముందుగా ప్రభుత్వాసుపత్రుల ఓపీల్లోనైనా దాన్ని అమలు చేయడానికి అడ్డేమిటో ప్రభుత్వం చెప్పాలి.