కాస్త ఆ పాట పెడితే...

ఏ నవల చేతికొచ్చినా కథ సంగతి తర్వాత, ముందు అందులో మనుషులు ఒకళ్ళనొకళ్ళు ఎలా పిలుచుకుంటున్నారో చూడటం నాకు అలవాటు. అత్తగారు కోడల్ని "అమ్మాయ్" అంటున్నదా, "ఏమే" అంటున్నదా, పేరుపెట్టి పిలుస్తున్నదా? ఆ ఒక్క ముక్కతో ఆ ఇల్లు రచయిత్రికి తెలుసో తెలియదో పట్టెయ్యవచ్చు. ఈసారి నేను విమర్శకు తీసుకున్నది నవల కాదు గానీ, చూసే పద్ధతి మాత్రం అదే. మా నరసరావుపేట ఇంట్లోకి కొత్తగా ఒక పాత్ర ప్రవేశించింది. దానికి ఒళ్ళు లేదు. గొంతు ఒక్కటే ఉంది.

మొన్న సంక్రాంతికి మా మరిది అమెరికా నుంచి వస్తూ నాలుగు గుండ్రటి పెట్టెలు తెచ్చాడు. ఒక్కొక్కటీ కొబ్బరికాయంత ఉంటుంది. ఏ కంపెనీవో చెప్పను, అన్నీ ఆ తానులో గుడ్డలే. హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, మా అత్తయ్య గదిలో ఒకటి, దేవుడి గదిలో ఒకటి. నాలుగింటినీ ఇంట్లో ఉన్న ఇంటర్నెట్టుకు తగిలించి, ఫోనులో ఒక్కో గదికీ ఒక్కో పేరు రాసి, మళ్ళీ నాలుగూ కలిపి ఒక జట్టు కట్టాడు. ఇక మీట నొక్కే పని లేదు, నోటితో చెబితే చాలు. ఫలానా పాట వంటింట్లో అంటే వంటింట్లోనే వస్తుంది. ఇల్లంతా అంటే నాలుగు గదుల్లోనూ ఒకే చరణం ఒకే క్షణాన మొదలవుతుంది. మా అత్తయ్య అర్థం చేసుకున్న తీరు ఇంకా తేలిగ్గా ఉంది. "మనూళ్ళో పెళ్ళికి వేపచెట్టుకి మైకు కట్టేవాళ్ళు గదా, ఊరంతటికీ ఒకటే పాట. ఇది ఇంటికి కట్టిన మైకు, అంతే గదా?" అన్నది. అంతే మరి!

నిజం చెప్పొద్దూ, మొదటివారం నేను మురిసిపోయాను. చేతులనిండా శనగపిండి ఉండగా, పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా, సుశీల పాట అడిగి వినగలిగే సుఖం మా అమ్మకు లేదు, ఆవిడ అమ్మకు అసలే లేదు. మిక్సీ తిరుగుతుంటే పాట పెంచమనటం, ఆగాక తగ్గించమనటం. రాజభోగం కాదుటండీ? కరెంటు పోతే మాత్రం నాలుగు పెట్టెలూ నాలుగు కొబ్బరికాయలే అవుతాయి, అది వేరే సంగతి.

ఈ సుఖం అందరికంటే ఎక్కువ అందవలసింది మా అత్తయ్యకి. డెబ్భై దాటిన మనిషి. మోకాళ్ళు సహకరించవు. కంట్లో శుక్లాలు, ఫోనులో అక్షరాలు ఆనవు. నోటిమాటతో పనిచేసే యంత్రమంటూ పుడితే ఇలాంటివాళ్ళ కోసమే పుట్టాలి. తీరా చూస్తే ఇంట్లో దాన్ని వాడలేని మనిషి ఆవిడ ఒక్కతే.

మొదటిరోజు మా మరిది "అమ్మా, నీకేం పాట కావాలో అడుగు" అన్నాడు. అత్తయ్య పైట సర్దుకుంది, కొత్తమనిషి ముందు కూర్చున్నట్టు. తర్వాత, "అమ్మాయ్, కాస్త ఆ ఘంటసాల భగవద్గీత పెడితే..." అని ఆగింది.

పెట్టె ఉలకలేదు, పలకలేదు.

"అలా కాదమ్మా, ముందు పేరుపెట్టి పిలవాలి. తర్వాత ఆర్డరు వెయ్యాలి. ఇంగ్లీషులో."

"ఆర్డరెయ్యటమేందిరా, ఎవరో ఏందో తెలవకుండా?"

మేమంతా నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఆ తర్వాత మళ్ళీ ఆ పెట్టెతో మాట్లాడనూ లేదు. తనకేదైనా వినాలనిపిస్తే నన్ను పిలుస్తుంది. నేను గుమ్మంలో నిలబడి ఇంగ్లీషు చేసి పెట్టెకు చెబుతాను. వెనకటికి దొరల కచేరీలో దుబాసీలుండేవాళ్ళట. ఎం.ఏ. చదివిన కోడలికి ఈ కాలంలో ఆ ఉద్యోగం దొరికింది.

భాష సంగతి ముందు తేల్చేస్తాను. ఇలాంటి పెట్టెను అమెజాన్ వాళ్ళు అమెరికాలో 2014లో బయటికి తెచ్చారు. అందులో మాట్లాడే గొంతు పేరు అలెక్సా. మన దేశానికి 2017లో వచ్చింది, ఇంగ్లీషుతో. 2019లో హిందీ నేర్చింది. తెలుగు యంత్రం చెవికి ఎక్కదనుకుందామా అంటే, 2017లోనే గూగుల్ వాళ్ళు ఫోనులో మనం తెలుగు మాట్లాడితే అక్షరాలుగా పడే ఏర్పాటు చేశారు. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 8 కోట్ల పైచిలుకు. అందుచేత రేపో మాపో ఈ పెట్టెలన్నీ తెలుగు నేర్చుకోవచ్చు, నేర్చుకుంటే సంతోషమే. కానీ నా తగువు భాషతో కాదు, క్రియాపదంతో.

ఇంగ్లీషులో "ప్లే" అంటే సరిపోయింది. రాజు అన్నా అదే, బంటు అన్నా అదే. తెలుగులో ఆ మాట అనాలంటే ముందు ఎదుటివాళ్ళు మనకేమవుతారో తేల్చుకోవాలి. పెట్టు, పెట్టరా, పెట్టవే, పెట్టమ్మా, పెట్టవయ్యా, పెట్టండి, పెడుదురూ, పెట్టరాదూ... ఒక్కో తోకలో ఒక్కో చుట్టరికం ఉంది. నవలలో సంభాషణ రాసేటప్పుడు నాకు సగం పని ఈ తోకలే చేసిపెడతాయి. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరికి అలక, ఎవరికి చనువు, ఏదీ వేరే వర్ణించక్కర్లేదు. బొమ్మలాంటి పెట్టెను ఏ తోకతో పిలవాలో తెలియక మా అత్తయ్య "అమ్మాయ్" అన్నది. ఆడగొంతు గనక. అది ఆవిడ మర్యాద.

ఈ వరసలో చిట్టచివరిది, ఆడవాళ్ళు మాత్రమే ఎక్కువగా వాడేది ఒకటున్నది. "పెడితే..." అని గాల్లో వదిలెయ్యటం. పాతకాలపు ఇళ్ళల్లో ఇల్లాలి కోరికలన్నీ ఇలా సగం వాక్యాలే. మా మామయ్య ఉన్నన్నాళ్ళూ రేడియో మీట ఆయన చేతికిందే ఉండేదట. దానికి కప్పే గుడ్డ మీద పువ్వులు కుట్టింది అత్తయ్య, మీట తిప్పేది ఆయన. ఆవిడ వంటింటి గడప దగ్గర నిలబడి, "ఇవాళ శనివారం గదూ..." అనేదట. అంటే రేడియోలో తనకిష్టమైన కార్యక్రమం ఉందని. ఆయన పెట్టేవాడు. ఒక్కోసారి విననట్టు ఊరుకునేవాడు. ఊరుకున్నా విన్నాడని ఆవిడకి తెలుసు, విన్నానని ఆవిడకి తెలుసునని ఆయనకీ తెలుసు. ఆ ఏర్పాటు న్యాయమైనదని నేనెక్కడ అన్నాను? మీట ఆవిడ చేతికి ఎందుకు రాలేదని నేనూ అడుగుతాను. కానీ మీట అక్కడినుంచి కదిలి ఎవరి చేతికొచ్చిందో చూడండి. ఆరో క్లాసు ఇంగ్లీషు మీడియం చదివే మా అబ్బాయి చేతికి. ఆవిడ ఇప్పటికీ గడప దగ్గరే ఉంది.

మా పల్నాడులో నోరు తెరిచి ఆజ్ఞ ఇచ్చిన ఆడదంటే అందరికీ గుర్తొచ్చేది నాయకురాలు నాగమ్మ. గురజాలలో నలగామరాజు కొలువులో మంత్రిత్వం చేసింది. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా కథ ఆమెను క్షమించలేదు, యుద్ధమంతా ఆమె నెత్తినే రుద్దారు. అలాంటి సీమలో పుట్టి పెరిగిన ఆవిణ్ణి ఉన్నపాటున ఆర్డరెయ్యమంటే నోరెలా వస్తుంది?

ఇంకో మాట. పాటను మనవాళ్ళు ఎప్పుడూ కోరేవాళ్ళు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తర్వాత వివిధభారతి, అందులో జనరంజని. కార్డు ముక్క మీద పాట పేరు రాసి పోస్టుచేస్తే, ఎన్నాళ్ళకో ఒకనాడు కోరినవాళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు చదివి మరీ వేసేవాళ్ళు. మాచర్లలో మా అమ్మకు పాటకంటే ఆ పేర్లంటేనే ఆసక్తి. "మాచర్ల నుంచి" అని వినపడగానే గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చేది, ఏ వీధివాళ్ళోనని. ఆలస్యమయ్యేది, రాకపోతే ఉసూరుమనేవాళ్ళం, అన్నీ నిజమే. అయినా అక్కడ ఒక మనిషి మన అక్షరాలు చదివేది. కోరిక, ఆజ్ఞ రెండూ ఒకటి కావు. ఈ కొత్త ఏర్పాటుకు పెట్టిన పేరులోనే ఆ రెండోది ఉన్నది: వాయిస్ కమాండ్.

ఆజ్ఞ అందుకునే గొంతు ఎవరిదో కూడా గమనించారా? ఆడగొంతు. 2019లో యునెస్కో వాళ్ళు దీనిమీదే ఒక నివేదిక వేశారు. ఆపిల్ వాళ్ళ సిరి అనే గొంతును ఎవరైనా బూతుమాట అంటే, ఒకప్పుడు అది "సిగ్గుపడే వీలుంటే సిగ్గుపడేదాన్ని" అనే అర్థం వచ్చే జవాబు చెప్పేదట. ఆ జవాబునే నివేదికకు పేరుగా పెట్టారు. తిట్టినా మెత్తగా బదులిచ్చే ఆడగొంతు ఇంటింటా పలుకుతుంటే పిల్లలు ఏం నేర్చుకుంటారన్నది వాళ్ళ బెంగ. నాకు నివేదిక చదవనక్కర్లేకుండానే తెలిసింది. మా అబ్బాయి పెట్టెను "స్టాప్!" అని గద్దించటం అలవాటై, ఒకరోజు వాళ్ళ నాయనమ్మ ఏదో చెబుతుంటే అదే గొంతుతో "నాయనమ్మా, స్టాప్" అన్నాడు. వాడికి రెండు తగిలించబోయి ఆగాను. ఎందుకంటే ముందురోజే నేను పనిమనిషితో "స్టవ్వాపు" అన్న తీరుకి ఆవిడ చీపురు ఆపి, "ఏందమ్మా, నేనూ డబ్బానేనా?" అని అడిగింది.

పాత్రగా చూస్తే దీనికున్న పెద్దలోపం, అలగలేకపోవటం. విననట్టు ఊరుకోవటం దానికి రాదు. వినకపోతే నిజంగానే వినలేదు. లేదా తప్పు వింటుంది. దేవుడి గదికి ఫోనులో ఏ పేరు రాయాలో తోచక మా మరిది ఇంగ్లీషులో "పూజ" అని రాశాడు. తెల్లవారుజామున నేను సుప్రభాతం "పూజ"లో పెట్టమంటే, 1975లో వచ్చిన 'పూజ' సినిమా పాటలు, రాజన్-నాగేంద్ర కట్టినవి, నాలుగు గదుల్లోనూ అందుకుంది. వెంకటేశ్వరస్వామి ముందు యుగళగీతం! పాటలు మంచివే, కాదనను. మా వారు ముసుగులోంచి, "రోజూ ఇదే పెట్టు" అన్నారు.

ఇంట్లో మాటలన్నీ అది వింటున్నదా అని భయపడేవాళ్ళున్నారు. భయంలో కొంత అర్థముంది. పిలిచే పేరు ఒక్కటే పెట్టె తనంతట గుర్తుపడుతుంది. ఆ తర్వాత మాటలు సాధారణంగా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లకు వెళ్ళి జవాబు తెచ్చుకుంటాయి. అలా వెళ్ళిన మాటల్లో కొన్నిటిని జీతగాళ్ళు కూర్చుని వింటున్నారని, వాళ్ళలో మన దేశంలోనివాళ్ళూ ఉన్నారని 2019లో పత్రికల్లో వచ్చింది. మా ఇంట్లో దాచుకోవలసిన రహస్యాలు పచ్చడి కొలతలు తప్ప లేవు గనక ఇక్కడితో వదిలేస్తున్నాను.

అసలు అమెరికా నుంచి వచ్చిన చెవులన్నీ ఇలాంటివేనా అంటే, కావు. కారెంపూడిలో కార్తీకమాసంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. అక్కడ వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథ పాడతారు. జీన్ రోఘేర్ అని అమెరికా పరిశోధకుడొకాయన 1970లలో మా సీమకొచ్చి, ఆ కథ పాడే గాయకుడి ముందు కూర్చుని, టేపు మీదికెక్కించుకుని, ఇంగ్లీషులోకి తెచ్చాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు పుస్తకం వేశారు. ఆయన దగ్గరున్నదీ యంత్రమే. తేడా ఎక్కడంటే, అక్కడ గాయకుడు తన పలుకుబడిలో తాను పాడుకుపోయాడు, వినేవాడు ఆ పలుకు నేర్చుకుని వచ్చాడు. మా ఇంట్లో యంత్రం తాను పుట్టిన పలుకులోనే కూర్చుంది, డెబ్భై ఏళ్ళావిణ్ణి నేర్చుకు రమ్మంటోంది.

ఇంతకీ ఇప్పుడు నడుస్తున్న గొడవ చెబుతాను. పదిరోజులనాడు అత్తయ్య నన్ను పిలిచి, "అమ్మాయ్, ఆ పాట పెట్టించవే" అన్నది. ఏ పాటన్నాను. "మీ మావయ్య గురజాల్లో ఆఖరి బస్సు తప్పిపోయి నడిచొచ్చిన రాత్రి రేడియోలో వచ్చిందే, అది."

పెట్టెకు పాట పేరు కావాలి, లేదా పాడినవాళ్ళ పేరు కావాలి, సినిమా పేరన్నా కావాలి. ఆవిడ దగ్గరున్నవి బస్సు, రాత్రి, తడిసిన చెప్పులు. ఇంకాస్త గుచ్చి అడిగితే, "ఆడగొంతు. వాన పాట గాదు గానీ వాన పడతా ఉంది" అన్నది. వాన పాటలోనా, బయటా అంటే, బయటేనన్నది.

సుశీలవి పెట్టాం, జానకివి పెట్టాం, లీలవి కొన్ని పెట్టాం. మా అబ్బాయి కూడా పక్కన చేరి, వాడికి తోచినవి నాలుగు అడిగాడు. నాయనమ్మ మొహం చూస్తూ, పెట్టెను మెల్లిగా అడిగాడు, అది గమనించాను. పదకొండో పాటకి ఆవిడ కళ్ళు మూసుకుని పల్లవి అంతా విని, "ఇదే అనుకుంటా" అని, చరణం రాగానే తల అడ్డంగా ఊపింది.

రేపు వంటయ్యాక పన్నెండోది పెట్టాలి.