పేరు లేని ఆటపెట్టె

పాత చేతి వీడియో గేములు సేకరించేవాళ్లకు గేమ్‌బాయ్ దొరికితే పండగే. 1989లో నింటెండో జపాన్‌లో తెచ్చిన ఆ బూడిదరంగు పెట్టెకు రాసి ఉన్న చరిత్ర ఉంది, వెనక గున్‌పే యొకోయ్ అనే ఇంజినీరు పేరుంది. నా మనసు మాత్రం బ్రిక్ గేమ్ అనే చేతి ఆటపెట్టె మీదే. ఫాల్గుణంలో మంగళగిరి నరసింహస్వామి తిరునాళ్లకు వెళితే గాజుల కొట్ల పక్కన, బొమ్మల మధ్య వేలాడింది అదే. మగ్గం ఆడుతున్న ఇంటి అరుగుల మీద పిల్లలం వంతులేసుకున్నదీ దానికోసమే. గేమ్‌బాయ్‌ని మాలో ఎవరమూ చూడలేదు.

డబ్బా మీద 9999 ఆటలని ఉండేది. అసలున్నవి కొన్నే: ఇటుకలు, కారు, ట్యాంకు, పాము. వాటికే వేగం, లెవెల్ మార్చి లెక్క పెంచారు. అడ్డం 10, నిలువు 20 గళ్లు; ఆటలన్నీ ఆ 200 గళ్లలోనే. ఇటుకల ఆట 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిసే. తెర క్యాలిక్యులేటర్ల కాలం నాటి ఎల్‌సీడీ. 1980లో యొకోయ్ గేమ్ అండ్ వాచ్ అనే చేతి ఆటకు వాడిందీ అలాంటి తెరే. చవకబడిన పాత సరుకుతోనే కొత్త ఆట పుట్టించాలన్నది ఆయన పట్టు. ఆ పట్టు నిలబెట్టింది బ్రిక్ గేమేనని నా నమ్మకం.

తెర మీద వరసలు మాయమైతే పాడైందని పారేస్తారు. చాలాసార్లు అద్దం బాగానే ఉంటుంది. అద్దానికీ బోర్డుకూ మధ్య కరెంటు అందించే సన్నని రబ్బరు పట్టీ ఉంటుంది; అది జరిగినా, దుమ్ము పట్టినా గళ్లు కనబడవు. విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, మరలు సమంగా బిగిస్తే తిరిగొస్తాయి. అద్దం పగిలితే మాత్రం చేసేదేమీ లేదు. మన గుంటూరు ఎండలకు రేకుల ఇంటి అటక మీద పెడితే తెర మీది పోలరైజర్ పొర చెడుతుంది. లోపల వదిలేసిన సెల్స్ కారి స్ప్రింగులను తినేస్తాయి. సెల్స్ మూత అందరూ పోగొట్టేదే, కాబట్టి మూతతో దొరికిన పెట్టెకు నేను రెండు రూపాయలు ఎక్కువిస్తాను.

చాలా బ్రిక్ గేములపై తయారీదారు పేరు లేదు, సంవత్సరం లేదు. వాటి చరిత్ర కొన్నవాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. మీ ఇంట్లో ఒకటుంటే సెల్స్ తీసేయండి. ఏ ఏటి తిరునాళ్లలో, ఎంతకు, ఎవరికోసం కొన్నారో అమ్మానాన్నలను అడిగి, చీటీ మీద రాసి డబ్బాలో పెట్టండి.