బోధకుని తెలుగు, పరీక్షాధికారి తెలుగు: గురజాడ అసమ్మతి పత్రం – పునఃపఠనం

గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రాన్ని విమర్శకులు ప్రధానంగా గ్రాంథిక, వ్యావహారిక వివాదంలో భాగంగానే చదివారు. ఆ పఠనం సరైనదే గాని చాలదు. విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పిన గురజాడకూ, పర్లాకిమిడిలో మూడు దశాబ్దాలు బోధించిన గిడుగు రామమూర్తికీ అది తరగతి గది సమస్య కూడా. ఉపాధ్యాయుడు ఏ తెలుగు నేర్పాలో నిర్ణయించే బలం పాఠ్యపుస్తకం కన్నా వ్యాసరచన పరీక్షకే ఎక్కువ. పరీక్షలో మార్కులు పోగొట్టే వాక్యాన్ని తరగతిలో ఒప్పని చెప్పే సాహసం ఎవరు చేస్తారు? (ప్రశ్నపత్రాన్ని బట్టి పాఠం చెప్పవలసిరావడం మనకూ కొత్త కాదు.)

అయితే అధికారులందరినీ ఒకే గాటన కట్టలేం. చర్చకు ప్రేరణనిచ్చిన జె.ఎ. యేట్స్ పాఠశాలల పర్యవేక్షణాధికారి. గ్రాంథికాన్ని సమర్థించిన పండితులలో ఉపాధ్యాయులూ ఉన్నారు. ఉద్యమ బలహీనత మరొక చోట ఉంది. స్కూలు ఫైనల్ వ్యాసరచనలో ఆధునిక భాషకు 1912-13లో దొరికిన అనుమతి అధికారుల ఉత్తర్వుతో వచ్చింది, 1915లో ఉత్తర్వుతోనే పోయింది. బోధకుని హక్కుగా కాక పైవారి మన్ననగా దక్కిన స్వేచ్ఛ అది. 1919లో ‘తెలుగు’ మాసపత్రికను ప్రారంభించి గిడుగు వాదాన్ని బడి బయట కొనసాగించారు. బడిలోని ఉపాధ్యాయుడు మాత్రం మార్కుల పట్టికకే జవాబుదారిగా మిగిలాడు.